మృత్యువుకు మందు
పశ్చిమాఫ్రికా డగారా పెద్దల దీక్ష

మృత్యువును జయించే మందు ఒకటి తమవద్ద ఉన్నదని శిష్యునికి ముందుగా చెబుతారు. అతడు దానిని నమ్మి, నెలల తరబడి నియమాలు పాటించి, ఆ మందు మహిమను తన శరీరం మీదనే చూచుకొంటాడు. అటుపిమ్మట రెండవ దీక్షలో అతనిని కూర్చుండబెట్టి, అటువంటి మందు లేదని ఆ పెద్దలే చెబుతారు. ఇటువంటి సంప్రదాయం లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని మనకు సందేహం కలుగవచ్చును. ఉన్నది. పశ్చిమాఫ్రికాలోని డగారా జాతివారి బాగ్రె అనే దీక్షలో జరిగేది ఇదే. మన యెడ గురువు కడపటి రహస్యంగా శిష్యుని చెవిలో ఒక మంత్రం చెబుతాడు. అక్కడి గురువు కడపట చెప్పేది తన మంత్రానికి గల హద్దు. ఆ హద్దు తెలిసినవాడే అక్కడ పెద్ద.

డగారాల సీమ నల్ల వోల్టా నదికి రెండు దరులా వ్యాపించి ఉన్నది. ఒక వంక ఘనా దేశపు వాయవ్య మూలనున్న లావ్రా, నాన్దొమ్, జిరాపా ప్రాంతాలు. మరొక వంక బుర్కినా ఫాసోలోని దానో, డిస్సిన్, డియెబుగు ప్రాంతాలు. 1898లో ఆంగ్లేయులూ ఫ్రెంచివారూ పారిస్ నగరంలో కూర్చుండి ఒడంబడిక వ్రాసుకొని, నదిని కొంత మేరా, పదకొండవ అక్షాంశ రేఖను కొంత మేరా సరిహద్దుగా నిర్ణయించినారు. నాటినుంచి అన్న ఒక రాజ్యంలో, తమ్ముడు మరొక రాజ్యంలో మిగిలిపోయినారు. పిల్లలు ఒక దరిని ఇంగ్లీషు, రెండవ దరిని ఫ్రెంచి చదువుకొంటారు. ఇంటిలో మాట్లాడే భాష మాత్రం ఒక్కటే.

అది మెట్టసీమ. ఏడాదికి ఒక్కటే వానకాలం. ఆపైన నెలల తరబడి ఎండ, ఎర్రని దుమ్ము. జొన్న, సజ్జ వారి ముఖ్యమైన పంటలు. మన తెలంగాణంలోనూ రాయలసీమలోనూ తరతరాలుగా పండుతున్న ఈ రెండు ధాన్యాలకూ పుట్టినిల్లు ఆఫ్రికాయే అని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. కాబట్టి ఆ పొలం గట్టున నిలుచున్న తెలుగు రైతుకు అంతా కొత్తగా తోచదు. జొన్నలు మొలకెత్తించి కాచిన కల్లు లేకుండా డగారాలకు పండుగా లేదు, కర్మకాండా లేదు.

ఆ సీమలో పూర్వం రాజులు లేరు. ఊరికొక దొర ఉండవలెనని ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఆంగ్ల ప్రభుత్వం నియమించేవరకూ, ఒకనిని శాసించే అధికారం మరొకనికి లేదు. కాని భూమికి ఒక పూజారి ఉండేవాడు, నేటికీ ఉన్నాడు. అతనిని తెంగాన్‌సోబ్ అంటారు. ఊరి నేల మీద నెత్తురు చిందినా, ఎవరైనా ఆత్మహత్య చేసుకొన్నా భూమికి మైల పడుతుందని వారి నమ్మకం. ఆ మైలను శాంతిచేసి, పగపట్టిన కుటుంబాల నడుమ నిలుచుండి, ఊరిని మళ్ళీ ఒకటిగా కూర్చడం అతని విధి. అతనికి బంట్రోతులు లేరు, చెరసాల లేదు. మాటయే అతని బలం. డగారాలు పెద్దరికమంటే ఏమని భావిస్తారో గ్రహించడానికి ఈ సంగతి ముఖ్యం. పెద్ద అనగా శాసించేవాడు కాదు. ఊరికి కీడు మూడినప్పుడు జవాబు చెప్పుకోవలసినవాడు.

మరి ఆ పెద్దరికం ఒకనికి ఎట్లా వస్తుంది? నెరసిన తల మాత్రమే చాలదు. కోరినంత మాత్రాన రాదు. తరచుగా అది రోగరూపంలో వస్తుంది. ఒక మనిషి మంచాన పడతాడు. లేదా అతని బిడ్డలు ఒకరి తరువాత ఒకరు పోతారు. లేదా వేటకు పోతే వేట దొరకదు, సేద్యం చేస్తే గింజ దక్కదు. అతడు సోదె చెప్పేవాని వద్దకు పోతాడు. సోదెగాడు తోలుసంచి బోర్లించి గవ్వలూ, ఎముకలూ, రాళ్ళూ, చిన్నచిన్న లోహపు ముక్కలూ నేలమీద పరుస్తాడు. ఒక కర్రను తానొక చోటా, వచ్చినవాడొక చోటా పట్టుకొంటారు. ఆ కర్ర కదలుతూ ఏ వస్తువును తాకితే దానిని బట్టి కారణం వెదకుతారు. విశేషమేమంటే, అడిగేవాడూ చెప్పేవాడూ ఇద్దరూ ఆ కర్రను పట్టుకొనే ఉంటారు. జవాబు ఒక్కరిది కాదు.

ఇక్కడ గవ్వలను గురించి ఒక్క మాట. డగారా సోదెగాని సంచిలోనూ, కన్యాశుల్కంలోనూ, చావు వద్ద వాద్యకారుల ముందర పోసే కానుకలోనూ కనిపించే చిన్న గవ్వ ఆఫ్రికా పడమటి తీరంలో పుట్టినది కాదు. శతాబ్దాల తరబడి అది మన పొరుగున ఉన్న మాల్దీవుల నుంచి పోయినది. వంగ, ఉత్కళ దేశాల్లో నాణెంగా చెల్లిన గవ్వనే డచ్చి, ఆంగ్ల వర్తకులు ఓడలకెత్తి ఐరోపా మీదుగా గినీ తీరానికి చేర్చినారు. అక్కడ దానితో వారు కొన్న సరకుల్లో మనుష్యులు కూడా ఉన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం నేటికీ అనుకొంటూ ఉంటాము. ఆ మాటలోని గవ్వకూ, డగారా సోదెగాని గవ్వకూ చుట్టరికం ఉన్నది.

సోదెలో తేలే కారణం ఒక్కొక్కప్పుడు కొంతొమె. వీరు అడవుల్లో, గుట్టల్లో, నదీతీరాల్లో ఉండే పొట్టి జీవులని వారి విశ్వాసం. మనుష్యులకు కనబడరు గాని మనుష్యులకంటె ముందు నుంచీ ఆ నేల ఎరిగినవారు. నిప్పూ, సేద్యమూ, ఇనుము కాచే విద్యా మానవులకు వారి సాయంతోనే అబ్బినవట. వారు ఒకనిని కోరుకొన్నారని తేలితే అతడు ఇంటిలో వారికొక స్థానం ఏర్పరచి, బొమ్మలు నిలిపి, సోదె చెప్పడం నేర్చుకోక తప్పదు. ఒల్లనంటే రోగం తిరుగబెడుతుందని భయం. ఆ విధంగా, ఇతరుల బాధకు కారణం వెదకే అధికారం అతనికి తన బాధలోనుంచే వస్తుంది. మరికొందరి విషయంలో తేలే కారణం బాగ్రె. పితృదేవతలు అతనిని ఆ దీక్షకు పిలుస్తున్నారన్న మాట.

బాగ్రె మన వ్రతాలవలె ఒకనాటితో ముగిసేది కాదు. సేద్యపు పనులతో పెనవేసుకొని, ఏడాదిలో ఎన్నో నెలలు సాగుతుంది. కొత్తగా దీక్ష పట్టినవాడు కొన్ని ఆహారాలు విడిచిపెట్టవలె. షియా పండు, చిక్కుడుజాతి గింజలు మొదలైనవి ఒక్కొక్కటే ఒక్కొక్క క్రతువుతో అతనికి మళ్ళీ విడుదల అవుతాయి. ఏటేటా మామూలుగా తినే తిండినే, ఇది ఎక్కడనుంచి వచ్చినది, ఎవరు మొదట కనిపెట్టినారు, ఎందుకు తింటున్నామని ఆగి ఆలోచించి తినేటట్లు చేయడమన్న మాట. అతనికి తోడుగా, ముందే దీక్ష పొందినవాడు ఒకడు ఉండి అడుగడుగునా దారి చూపుతాడు.

క్రతువులో ప్రధానమైనది పారాయణం. ఇంటిలోని పొడుగాటి గదిలో కొత్తవారు కూర్చుంటారు. వక్త ఒక్కొక్క చిన్న పాదం పలుకుతూ ఉంటే, తక్కినవారు దానిని తిరిగి పలుకుతారు. గంటల తరబడి సాగుతుంది. ఇందులో రెండు భాగాలు ఉన్నవి. మొదటిది తెల్ల బాగ్రె. అందులో క్రతువు జరిగే తీరు, ఏ దినాన ఏమి చేయవలెనన్న వివరం ఉంటుంది. రెండవది నల్ల బాగ్రె. అందులో లోకం పుట్టుక, మానవుడు విద్యలు నేర్చిన కథ ఉంటుంది. ఇద్దరు అన్నదమ్ములు, దేవతల వల్ల కష్టాల పాలవుతారు. తమ్ముడు కారణం వెదుకుతూ బయలుదేరి, నది దాటి, అడవిలోని పొట్టి జీవులను కలుసుకొంటాడు. సాలెపురుగు అల్లిన దారం పట్టుకొని ఆకాశానికెక్కి, నాంగ్మిన్ అనే పరమేశ్వరుని సన్నిధికి పోతాడు. అక్కడ శిశువు రూపొందే రహస్యాన్ని చూస్తాడు. తిరిగి వచ్చిన పిమ్మట ఆ బిడ్డ నీదా నాదా అని ఆలుమగల తగవు! ఇటువంటి ఘట్టాలు వింటూ శ్రోతలు నవ్వకుండా ఉంటారని నేననుకోను.

ఇక మందు సంగతి. తెల్ల బాగ్రెలో ఒక ఘట్టాన కొత్తవారు చచ్చినట్లు పడిపోతారు. పెద్దలు మందు ప్రయోగిస్తారు. వారు లేచి కూర్చుంటారు. మృత్యువును మళ్ళించే మందు తమ కులానికి దక్కినదని ఆ కుర్రవాడు ఇంటికి పోయి ధైర్యంగా నిద్రపోతాడు. రెండవ దీక్షలో, నల్ల బాగ్రెలో, అతనికి తెలిసేది వేరు. అది నిజమైన చావు కాదు, ఆ మందు చావును ఆపజాలదు. పెద్దలు కూడా పోతారు, వారికి నేర్పినవారు పోయినారు, మందు ఉండగానే పోయినారు. ఈ సంగతి తెలిసికొన్నవాడే ఇక మీదట కొత్తవారికి ఆ మందు ఇవ్వవలె.

దీనిని మోసమనడం సులభం. చదువుకొన్న విద్యార్థి మొదట అట్లాగే అంటాడు. కాని కొంచెం నిదానించి చూడవలె. మోసగాడు తన గుట్టును బయటపెట్టడు. ఇక్కడ గుట్టు బయటపెట్టడమే దీక్ష. పసివానికి జ్వరం వచ్చినప్పుడు తల్లి "ఏమీ కాదులే, నాన్నా" అంటుంది. ఏమి కావచ్చునో ఆమెకు తెలుసు. తెలిసి అంటుంది. ఆ మాట అనగలగడానికి వెనుక ఉన్న భారాన్ని ఎత్తుకోవడమే నల్ల బాగ్రె అని నాకు తోస్తున్నది. మందు మీద నమ్మకం ఉండి వైద్యం చేయడం ఒక ఎత్తు. దాని హద్దు ఎరిగి కూడా రోగి పక్కన కూర్చోవడం మరొక ఎత్తు.

ఈ రహస్యం మన వరకూ ఎట్లా వచ్చినదో చెప్పవలె. జాక్ గూడీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచ యుద్ధంలో టోబ్రుక్ వద్ద పట్టుబడి, ఖైదీల శిబిరాల్లో పుస్తకాలు లేని బ్రతుకు ఏమిటో చవిచూచినవాడు. యుద్ధానంతరం ఆయన డగారా సీమలోని బిరిఫు గ్రామానికి పోయి నివసించినాడు. అక్కడ బెనిమా అనే ఆయన, క్రతువు వెలుపల కూర్చుండి, రోజుల తరబడి పారాయణం చెబుతూ ఉంటే గూడీ కలంతో వ్రాసుకొన్నాడు. నాటికి ధ్వనిముద్రణ యంత్రాలు ఆ పల్లెలకు మోసుకుపోదగినంత తేలికగా లేవు. పన్నెండు వేల పాదాల ఆ గ్రంథం 1972లో అచ్చయినది.

అచ్చయిన పిమ్మట ఆయనకు ఒక చిక్కు వచ్చిపడినది. బెనిమా చెప్పినది తరతరాలుగా మారకుండా వస్తున్న పాఠమని ఆయన మొదట అనుకొన్నాడు. తరువాత బిరిఫు నాయకుని కుమారుడైన గాండా తోడ్పాటుతో యంత్రం మీద మరికొన్ని పారాయణాలు ముద్రించి చూచినాడు. ఒకదానికీ మరొకదానికీ పోలిక లేనంతగా తేడాలు! బెనిమా పాఠంలో అంతటి ప్రాముఖ్యం గల ఆకాశయాత్ర మరొక పాఠంలో అంతగా కానరాదు. డగారాలను అడిగితే అన్నీ ఒక్కటే అంటారు. అంటే వక్త కంఠస్థం చేసినది ఒప్పగించడం లేదు. తనకు తెలిసినదానిని ఆ రాత్రి, ఆ శ్రోతల యెదుట మళ్ళీ ఆలోచిస్తున్నాడు. పెద్ద కావడమంటే పాఠం నేర్వడం కాదు, పాఠం చెప్పగల అధికారం పొందడం.

గూడీ ఇక్కడితో ఆగలేదు. వ్రాత లేని చోట పెద్ద గ్రంథం మారకుండా నిలువదని సిద్ధాంతం చేసి, మన వేదాలు కూడా వ్రాత సాయం లేకుండా అట్లా నిలిచి ఉండవని 1987లో ఒక గ్రంథంలో వాదించినాడు. పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒక్కొక్క మంత్రాన్ని ముందునుంచి వెనుకకూ వెనుకనుంచి ముందుకూ వల్లెవేసే మన ఘనాపాఠీలు దీనికి ఒప్పుకోరు. ఒప్పుకోనక్కరలేదు కూడా, వేదం విషయంలో ఆయన మాటను పాశ్చాత్య పండితులే కాదన్నారు. ఆ తగవు అటుండగా, ఒక భేదం మాత్రం మన ఉపాధ్యాయులు గమనింపదగినది. ఒక సంప్రదాయం అక్షరం జారిపోకుండా కాపాడుకొనే శ్రద్ధను పిల్లలకు నేర్పినది. మరొకటి అక్షరానికి వెనుక ఉన్న బాధ్యతను నేర్పినది. మన బడులలో ఈ రెండవది ఎంతవరకు జరుగుతున్నదో వారే చెప్పవలె.

1929లో జిరాపాకు శ్వేతపాదరీలని పేరుబడ్డ కతోలిక మిషనరీలు వచ్చినారు. వారిలో కెనడా దేశీయుడైన మెకాయ్ పాదరీ ముఖ్యుడు. 1932లో వానలు పడక పైరులు మాడిపోతున్నప్పుడు, పూజలన్నీ చేసి విసిగిన గ్రామస్థులు ఆయన వద్దకు పోయి వాన అడిగినారు. ప్రార్థన జరిగినది. వాన పడినది. వేలకొద్ది జనం దూర గ్రామాలనుంచి నడచివచ్చి ఆ మతంలో చేరినారు. నేడు నాన్దొమ్ సీమలో ఎక్కువమంది కతోలికులే. క్రైస్తవులు బాగ్రెలో చేరరాదని పాదరీలు నిషేధించినారు. ఈ కథలో ఎవరిని తప్పుపట్టవలెనో నాకు తెలియదు. ఊరి పూజలు వాన తేలేకపోయినవి. మనిషికి వాన కావలె. కాని పాదరీ చేతికి వచ్చినది కూడా తెల్ల బాగ్రెలోని మందువంటిదే గదా! మరుసటి అనావృష్టికి ఏమి జవాబు చెప్పవలెనో ఆయనా వెదుక్కోవలసినదే.

ఈ రెండు లోకాల నడుమ నలిగిన ఒక మనిషి కథ ప్రపంచమంతటా ప్రసిద్ధికెక్కినది. మలిదోమా పాట్రిస్ సోమే 1956లో నాటి ఎగువ వోల్టాలో, అనగా నేటి బుర్కినా ఫాసోలో పుట్టినాడు. తన నాలుగవ ఏట ఒక పాదరీ తనను ఇంటినుంచి తీసుకొనిపోయినాడనీ, పదిహేనేళ్ళకు పైగా మిషను బడులలో పెరిగి, ఇరవై ఏళ్ళ వయస్సులో పారిపోయి కాలినడకను ఊరు చేరినాననీ ఆయన 1994లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. చేరేసరికి మాతృభాష మరచిపోయినాడు. తల్లి ఏడుస్తున్నది, ఆ ఏడుపుకు జవాబు చెప్పడానికి అతనికి మాట రాదు. తండ్రి ఎదుట ఉన్నాడు. అతనితో పోట్లాడడానికి కూడా భాష లేదు. పరాయి భాషలో చదివి పండుగకు ఇంటికి వచ్చే పిల్లలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. ఇంత దూరం పోకపోయినా, వారికి ఈ ఘట్టం కొంత అర్థమవుతుంది.

అతనికి దీక్ష ఇయ్యవలెనా వద్దా అని ఊరి పెద్దలు చర్చించినారు. చదువు అతనిలో ఒక భూతంవలె చేరి కూర్చున్నదనీ, దానిని పట్టుకొని ఉన్నంతవరకూ మరొకటి లోపలికి చొరదనీ వారి శంక. ఈడు దాటినా, కడకు ఇతర కుర్రవాళ్ళతో పాటు అతనిని అడవికి పంపినారు. ఆరు వారాలు. మొదటి పని, ఒక చెట్టు ఎదుట కూర్చుండి దానిని చూడడం. అంతే. గంటలు గడచినవి. ఏమీ కనబడలేదు. విసిగి, ఏదో కనిపించినదని అబద్ధమాడినాడు. పెద్దలు పకపక నవ్వినారు. బడిలో అయితే ఆ అబద్ధానికి మార్కులు వచ్చి ఉండేవేమో! మరునాడు మళ్ళీ కూర్చున్నాడు. తన తెలివి ఇక్కడ అక్కరకు రాదని తెలిసి కన్నీళ్ళు పెట్టుకొన్న తరువాతనే ఆ చెట్టు అతనికి చెట్టుగా కాక, ప్రేమతో నిండిన ఒక ఆకుపచ్చని స్త్రీ మూర్తిగా దర్శనమిచ్చినదట.

ఆ పుస్తకంలో దీనికన్నా ఆశ్చర్యకరమైన అనుభవాలు చాలా ఉన్నవి. గూడీ వర్ణించిన బాగ్రెకూ వాటికీ పోలిక తక్కువ. అవన్నీ జరిగినవా అని నన్నడిగితే, నేను అక్కడ లేను. ఒక్క మాట మాత్రం నాకు విలువైనదిగా కనిపించినది. మనం అలౌకికం అనే దానికి దగ్గరగా డగారాలో యియెల్‌బొంగూరా అనే మాట ఉన్నదని ఆయన వ్రాసినాడు. దాని అర్థం, జ్ఞానం తినలేనిది. తెలివికి అందనిది అని మనమంటాము. అందుకోవాలని చేయి చాచే అలవాటు మనది. వారు తినలేనిది అన్నారు. తెలివి ఆకలిగొన్న ప్రాణి అని వారికి తెలుసు కాబోలు.

దీక్ష ముగిసినది. కుర్రవాడు ఇక ఊరిలోనే ఉండిపోతానన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. మలిదోమా అనగా పరాయివానితో, శత్రువుతో స్నేహం చేసేవాడు అని అర్థం. ఏ లోకంనుంచి పారిపోయి వచ్చినాడో ఆ లోకానికే తిరిగి పొమ్మన్నారు. ఆయన పారిస్‌లో సోర్బాన్ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలోనూ చదివి పట్టాలు పొందినాడు. ఏ అక్షరాలను చూచి పెద్దలు జంకినారో, ఆ అక్షరాలతోనే డగారా అనే పేరు లోకానికి వినిపించినాడు. ఆయనా, ఆయన భార్య సోబొన్‌ఫు సోమే అమెరికాలో ఏళ్ళ తరబడి శిబిరాలు నడిపి, నిప్పు, నీరు, నేల, ఖనిజం, ప్రకృతి అనే ఐదు తత్త్వాలను గురించి, సోదెను గురించి, క్రతువులను గురించి బోధించినారు. సోబొన్‌ఫు 2017లోనూ, మలిదోమా 2021లోనూ కన్నుమూసినారు.

వారి శిష్యులు నేడు ఐరోపా, అమెరికా ఖండాల్లో ఉన్నారు. డగారా సంప్రదాయంలో దీక్ష పొందిన పెద్దలమని చెప్పుకొనేవారూ వారిలో ఉన్నారు. రుసుము కట్టి, కొన్ని దినాలు శిబిరంలో ఉండి పొందే పెద్దరికం పెద్దరికమేనా? ఎగతాళి చేయడానికి నాకు మనస్కరించదు. ఇంటిలో తాత లేక, ఊరు లేక, చావును ఆస్పత్రి గోడల చాటున తప్ప చూడక పెరిగిన మనుష్యులు ఆ శిబిరాలకు పోతారు. వారి ఆకలి నిజం. కాని తెల్ల బాగ్రెను దేశం దాటించడం సులభం. మందు ఉన్నదంటే కొనేవారు ఎక్కడైనా ఉంటారు. నల్ల బాగ్రె అట్లా ప్రయాణం చేయదు. దానిని ఈయవలెనంటే మందు ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో ఉండవలె, ఒకరి ఇంటి చావులు మరొకరు చూడవలె. ఈ దంపతులు అమెరికావారికి నేర్పినవాటిలో నాకు అన్నిటికంటె నమ్మదగినదిగా తోచేది వారి దుఃఖక్రతువు. పదిమంది కూడి బాహాటంగా ఏడవడం అది. అందులో ఏ వాగ్దానమూ లేదు.

ఆ దుఃఖక్రతువుకు మూలం డగారా ఊళ్ళలోని కర్మకాండ. నల్ల బాగ్రెలో తెలుసుకొన్న సంగతి పెద్దలకు అక్కరకు వచ్చే చోటు కూడా అదే.

ఊళ్ళో ఒకరు పోతే మొదట మ్రోగేది జిల్. పదునాలుగో, అంతకు కొన్ని ఎక్కువో కొయ్యపలకలు వరుసగా కూర్చి, ఒక్కొక్క పలక కింద ఒక్కొక్క సొరకాయ బుర్ర కట్టిన వాద్యం. బుర్రలకు తొలిచిన రంధ్రాల మీద సాలెపురుగు గూటి పొర అంటిస్తారు. అందుచేత ప్రతి స్వరం వెంట తుమ్మెద రొదవంటి ఒక జీర పలుకుతుంది. బుర్ర పగిలినదేమో అని కొత్తవాడు అనుకొంటాడు. ఆ జీర లేనిది వారికి సంగీతమే కాదు. ఘనాలో 1966లో పుట్టి, ఈ వాద్యాన్ని దేశదేశాలు తిప్పి, 2018లో మరణించిన బెర్నార్డ్ వోమా పుట్టినప్పుడు రెండు పిడికిళ్ళూ బిగించి పుట్టినాడట. వాద్యం మ్రోగించే కర్రలు పట్టుకొని వచ్చినాడని సోదెలో తేలినదట. ఇరుగు పొరుగు ఊళ్ళకు కబురు ముందుగా ఆ జీరతోనే అందుతుంది. పోయినది పురుషుడా స్త్రీయా అన్న సంగతి వాయించే తీరును బట్టి గుర్తిస్తారు.

శవాన్ని ఎత్తైన మంచె మీద, అందరికీ కనబడేటట్లు, మంచి బట్టలు కట్టి కూర్చుండబెడతారు. బంధువులు మంచె వైపు పరుగెత్తుతారు, వెనుకకు వస్తారు, మళ్ళీ పరుగెత్తుతారు. దుఃఖం మితిమీరితే మనిషి తన ప్రాణానికి ముప్పు తెచ్చుకొంటాడని వారి భయం. అందుకని దుఃఖించేవారిని కడతారు. గూడీ నమోదు చేసిన ప్రకారం, పోయినవాడు పురుషుడైతే అతని తండ్రికీ, తల్లికీ, భార్యకూ తోలుపట్టీ. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ నారతాడు. కొడుకులకూ కూతుళ్ళకూ కాలికి ఒక దారం. బిడ్డను పోగొట్టుకొన్నవారికి తోలు కావలె. తండ్రిని పోగొట్టుకొన్నవానికి దారం చాలునని వారి లెక్క. దీనిని పట్టికగా అచ్చువేసినందుకు గూడీయే తరువాత నొచ్చుకొన్నాడు. గడులు గీయడం వల్ల అసలు లేని కరకుతనం ఆచారానికి వచ్చిపడినదని 1977లో వ్రాసినాడు. అది ఆయన నిజాయతీ. అయినా ఆ పట్టికను చదివిన తల్లిదండ్రులెవరూ దానిని మరచిపోలేరు.

కట్టినంత మాత్రాన చాలదు. కట్టిన తాడు రెండవ కొసను ఒకరు పట్టుకోవలె. పట్టుకొన్నవాడు దుఃఖించేవానిని ఆపడు, ఓదార్చడు, ఏడవవద్దనడు. అతడు పరుగెత్తితే వెంట పరుగెత్తుతాడు. అతడు నేల మీద పడితే పక్కన నిలుచుంటాడు. దుఃఖం హద్దు మీరినప్పుడు మాత్రం తాడు బిగబడుతుంది. ఆ గుంపులో, తెల్ల బాగ్రెలో చచ్చి లేచిన కుర్రవాళ్ళు ఉంటారు. నల్ల బాగ్రె విన్నవారూ ఉంటారు. మంచె మీద కూర్చున్నవాడు నిన్నటివరకూ వారికి మందు ఇచ్చినవాడే కావచ్చును. జిల్ మ్రోగుతూ ఉంటుంది. వాద్యకారుల ముందర ఎవరో గుప్పెడు గవ్వలు పోసి, మళ్ళీ వచ్చి తాడు అందుకొంటారు.